ఎవరూ పంపని డాలర్లు

పున్నమ్మ వదిన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. కడుపుమండి రాస్తున్నాను.

పెడనలో మా ఇళ్లు ఎదురెదురు. ఆమె చీరలు నేస్తుంది, నేను జాకెట్లు కుడతాను. ఆమె మగ్గం చప్పుడూ నా మిషను చప్పుడూ పాతికేళ్లుగా కలిసి కాపురం చేస్తున్నాయి. ఆమె మొగుడు సాంబమూర్తన్నయ్యదీ మగ్గమే. మంచివాడే, కాకపోతే నలుగురిలో గొప్పగా కనబడాలన్న యావ జాస్తి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, ఆ బాపతు.

వదినకి నోరు ఎక్కువ. ఆ నోటికి గిరాకీ ఉందని కనిపెట్టింది ఆమె కూతురు మాధురి. ఒకరోజు మగ్గం ముందు ఫోను పెట్టి, మరమగ్గం చీరని చేనేత అని చెప్పి అంటగట్టే కొట్లవాళ్లని తల్లి తిడుతుంటే వీడియో తీసి నెట్‌లో పెట్టింది. అంచులో సన్నటి సూది రంధ్రాలు ఎక్కడుంటాయో, వెనక తిప్పి ఏం చూడాలో వదిన తిడుతూనే చూపించింది. జనం ఎగబడి చూశారు. ఏడాది తిరిగేసరికి ఆ వీడియోల మధ్య వచ్చే ప్రకటనలకు నెలనెలా డాలర్లు రావడం మొదలైంది. అవి బ్యాంకులో రూపాయలుగా మారి ఆమె ఖాతాలో పడేవి.

ఆ డబ్బు మీద ఆమెకి ఒకటే ఆశ. వాళ్లవి గుంట మగ్గాలు. నేలలో గుంట తీసి, అందులోకి కాళ్లు దించి కూర్చుని నెయ్యాలి. వానలు పడితే మా వీధిలో గుంటల్లో నీళ్లు ఊరతాయి, మగ్గం ఆగిపోతుంది. ఇల్లు మెరక చేయించి, నేలపైన నిలబడే స్టాండు మగ్గాలు వేయించాలని ఆమె కోరిక. చేతిలో ఉన్నది సగానికే సరిపోతుంది. మిగతాది అప్పు ఇమ్మని వేసవిలో ఊళ్లోని బ్యాంకుకి వెళ్లింది.

"మీకు సొంత ఆదాయం లేదు కదమ్మా" అన్నారట అక్కడ. "ఖాతాలో పడేదంతా కుటుంబ పోషణ కోసం ఫారిన్‌లో ఉన్న బంధువులు పంపే సొమ్మని ఉంది. దాన్ని చూసి లోను ఇవ్వలేం. విదేశీ డబ్బు సంగతి బెజవాడ బ్రాంచిలో చూస్తారు, అక్కడ అడగండి."

వదిన నా దగ్గరికి వచ్చి ఆ మాట చెప్పింది. ఆమె అంత కోపంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. మర్నాడే బెజవాడ బయల్దేరాం. అన్నయ్య పనుందన్నాడు. వదిన వినలేదు, బస్సెక్కించింది. దారంతా ఆయన కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాడు.

బ్యాంకులో హర్షవర్ధన్ అనే కుర్ర ఆఫీసరు మమ్మల్ని కూర్చోబెట్టాడు. మర్యాదకేం లోటు లేదు. విదేశాల నుంచి వచ్చిన ప్రతి సొమ్ముకీ అది ఎందుకు వచ్చిందో కారణం రాయాలనీ, అది తెలియకపోతే ఖాతాలో వెయ్యరనీ చెప్పాడు.

"మరి బంధువులు పంపారని ఎవరు చెప్పారండీ మీకు?" అంది వదిన.

"ఫోన్ చేసి కనుక్కునే రాశామండీ."

"నాకెవరూ ఫోన్ చెయ్యలేదు."

ఆయన కంప్యూటర్‌లో చూశాడు. "ఖాతాలో ఉన్న నంబరు సార్‌దండీ. మీవాళ్లు పంపారా అని అడిగితే, అవును, మా జయకృష్ణ పంపాడు అన్నారంట."

వదిన అన్నయ్య వైపు తిరగలేదు. ఆఫీసర్నే చూస్తూ అడిగింది. "ఖాతా నాది. అడిగింది ఆయన్నా? పంపిన కంపెనీ పేరు మీ ముందే ఉంది కదా, అదన్నా చదవలేదా?"

"మీవాళ్లు ఉద్యోగం చేసే కంపెనీ అనుకున్నామండీ. ఈ జిల్లాలో డాలర్లంటే అంతా పిల్లలో బంధువులో పంపేవే కదండీ. అలవాటుగా రాసేస్తాం."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆడమనిషి ఖాతాకి మొగుడి నంబరు తగిలించడం ఒక అలవాటు, డాలరు కనబడితే అమెరికా బంధువుని వెతకడం ఇంకో అలవాటు. ఈ రెండు అలవాట్ల మధ్యా పడి ఒక మనిషి కష్టం దానం కింద జమైపోయింది. ఆ జయకృష్ణ ఎవరనుకున్నారు? అన్నయ్యకి మేనమామ కొడుకు. ఒకసారి డల్లాస్ నుంచి వచ్చి, వదిన చేతి భోజనం చేసి, వాళ్ల మగ్గం మీది తువాలు ధర బేరమాడి, కొనకుండానే వెళ్లాడు. మళ్లీ ఫోన్ కూడా లేదు. అలాంటివాడు మా వీధిలో ధర్మప్రభువు అయిపోయాడు. సొమ్మొకరిది, సోకొకరిది.

ఖాతాకి తన నంబరు పెట్టించి వదిన లేచింది. ఇకమీదట ప్రకటనల ఆదాయం అని సరిగ్గా రాస్తామన్నారు. పాతవి దిద్దాలంటే పైనుంచి అనుమతి రావాలట. కొత్తవి కొన్నాళ్లు వరసగా కనబడితేగాని అప్పు మాట ఎత్తడానికి లేదట. తప్పు వాళ్లది, ఆగాల్సింది ఈమె.

బస్సు పామర్రు చేరాక అన్నయ్య నోరు విప్పాడు. "మనకీ ఒకడున్నాడంటే వీధిలో గౌరవంగా ఉంటుందని అన్నానే. పెళ్లాం మాటలమ్మి తెచ్చిందంటే ఏం బాగుంటుంది?"

"ఆ మాటలే కదయ్యా నీ కూతురికి కాలేజీ ఫీజు కట్టింది. అప్పుడు బాగానే ఉందే" అంది వదిన.

వానలు బ్యాంకు అనుమతి కోసం ఆగవు కదా. వచ్చేశాయి. రెండు గుంటల్లోనూ నీళ్లు ఊరాయి. సగం నేసిన చీరని పైకెత్తి కట్టారు. అన్నయ్య తన గుంట సంగతి వదిలేసి ముందు ఆమె గుంటలోకి దిగి, బకెట్టుతో నీళ్లు తోడి వీధిలో పోస్తున్నాడు. నేను వెళ్లి వదినకి సాయంగా నూలు మూటలు మంచం మీదకి చేరుస్తున్నాను. ఇరుగుపొరుగు కూడా గుమ్మాల్లో నిలబడి ఎవరి నీళ్లు వాళ్లు తోడుకుంటున్నారు.

అప్పుడు వదిన ఫోను మోగింది. బెజవాడ బ్యాంకు నుంచి. ఈ నెల డాలర్లు వచ్చాయి, ఎవరు పంపారమ్మా అని అలవాటుగా మళ్లీ అదే ప్రశ్న.

"ఎవరూ పంపలేదండీ" అంది వదిన. "నేను సంపాదించాను. అలాగే రాసుకోండి."

బకెట్టు చప్పుడు ఆగింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి అన్నయ్య తలెత్తి చూశాడు. నాకు భయం వేసింది, ఏమంటాడోనని.

"ఇంకాస్త గట్టిగా చెప్పు పున్నమ్మా" అన్నాడు. "వీధిలో అందరికీ జయకృష్ణ పేరే చెప్పి ఉన్నాను."