వెనిస్‌లో మామ పెట్టిన పాయింటు

పెళ్లయిన కొత్తలో నాకు పుస్తకాల మీద ఎంత నమ్మకమంటే, చూడని ఊళ్లలో కూడా దారి అడగకుండా నడవగలననుకునేవాణ్ణి. అనంతపురంలో ఒక కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. ఇటలీలో ఏదో సదస్సుకు పిలుపు వస్తే, అది ముగిశాక మా ఆవిడా నేనూ వెనిస్‌లో కొన్నాళ్లు ఉండాలనుకున్నాం. ఆ ఊరి గురించి నేను చదవనిది లేదు (అని అప్పుడు అనుకునేవాణ్ణి). ఎక్కడ దిగాలన్నదే తేలలేదు. నాకు నచ్చింది అసలు ఊరికి ఇవతల, గట్టి నేల మీద, రైల్వే స్టేషను పక్కనున్న లాడ్జి. మా ఆవిడకు నచ్చింది ఒక సందులో, కాలువ గట్టున, గుమ్మం దిగితే నీళ్లే ఉన్న పాత ఇంట్లో కింది గది. ఈ రెండూ కాక పెద్ద చర్చి ఉన్న మైదానం దగ్గర ఇంకో హోటలు ఉంది. దాన్ని మేం కొట్లాడుకోకుండా ఉండటానికి మధ్యలో పెట్టుకున్నాం. మా జిల్లాలో ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్లు గాలీ వెలుతురూ చూడరు. ముందు కుళాయి తిప్పుతారు, తర్వాత బోరు ఎంత లోతని అడుగుతారు. ఆవిడ ట్యాంకరు వెనక బిందె పట్టుకుని పరుగెత్తుతూ పెరిగిన మనిషి. నా లాడ్జి ఫోటో చూసి ఒకే మాట అంది. "స్టేషను పక్కన పండుకునేదానికి గుత్తి జంక్షన్ సాలదా? అంత దూరం పోవల్లనా?"

వాదన తెగక, వాళ్ల నాయనను అడుగుదామంది. వాళ్లది యాడికి అనే ఊరి దగ్గర పల్లె. మామ బోర్లకు పాయింట్లు పెట్టేవాడు. టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకుని చేలో నడుస్తాడు. కింద నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుంది. అక్కడ రాయి పెడితే, మరునాడు బోరు బండి వస్తుంది. చుట్టుపక్కల అందరూ ఆయన్ని పాయింట్ల మామ అనేవాళ్లు. నేను మాత్రం భూగర్భజలాల మీద ఒక పుస్తకం చదివి ఉన్నాను కాబట్టి ఆ టెంకాయ కనిపించినప్పుడల్లా కొద్దిగా నవ్వేవాణ్ణి (ఆయన చూడనప్పుడు). అయితే ఆ ఏడు ఆయన పెట్టిన పాయింట్లు వరసగా ఎండిపోయాయి. చివరిది పక్క చేను వాళ్లది. బండి ఎంత లోతుకు దిగినా తెల్ల దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ రైతు ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. ఆ రోజు నుంచి మామ టీ అంగడికి పోవడం మానేశాడు. టెంకాయ పట్టలేదు. అత్త వడ్డిస్తే తినేవాడు, పలకరిస్తే పలికేవాడు, అంతే. మా ఆవిడకు వెనిస్‌లో ఏ గది దొరుకుతుందన్నది పెద్ద సంగతి కాదు. వాళ్ల నాయన మళ్లీ లేచి నడవాలన్నదే ఆమె బాధ. అది నాకు వాకిట్లో ముగ్గు చూశాకగానీ అర్థం కాలేదు.

మేం పల్లెకు వెళ్లిన మరునాడు పొద్దున్నే ఆవిడ వాకిలి ఊడ్చి, ముగ్గుపిండితో వెనిస్ వేసింది. నా పుస్తకంలోని పటం చూసుకుంటూ, పాములా వంపు తిరిగిన పెద్ద కాలువ, చిన్న కాలువలు, ఇవతల రైలు దారి, అన్నీ గీసింది. మూడు గదులున్న చోట మూడు గులకరాళ్లు పెట్టింది. అంతలో ఒక కోడి పెద్ద కాలువ దాటి చర్చి మీద నిలబడింది. అత్త దాన్ని అదిలించి, "ఇదేం ముగ్గే తల్లీ, నాగులచవితికి ఏసినట్లుండాదే" అంది.

"నాయనా, మేము యాడ దిగల్లనో నువ్వే చెప్పల్ల."

"నేను చెప్పేది మానేసినా గదమ్మా."

"ఊర్లో వాళ్లకు మానేసినావు. నేను ఊర్లోదాన్నా?"

ఆయన ముగ్గు వంక చూశాడు. తర్వాత లోపలికి పోయి టెంకాయ తెచ్చాడు. చెప్పులు విడిచి నా స్టేషను దగ్గర మొదలుపెట్టాడు. టెంకాయ నిద్రపోయినట్టు పడుకునే ఉంది. చర్చి దగ్గర కొంచెం కదిలింది. సందులో గులకరాయి మీదికి వచ్చేసరికి నిలువునా లేచింది. నేను ఉండబట్టలేక, "ఊరంతా నీళ్లే కదా మామా, అక్కడొక్కచోటే లేవడమేమిటి?" అన్నాను.

"ఊరంతా నీళ్లయితే ఊరు యాడుంటాదప్పా?" అన్నాడాయన. సందులో గదే ఖాయమైంది.

మేం దిగిన మూడో పొద్దున ఊళ్లో సైరన్ మోగింది. సముద్రం పోటెక్కినప్పుడు ఆ ఊరికి నీళ్లు రావడం గురించి నేను చదివాను. అవి గదిలోకి వస్తాయని ఎందుకో ఊహించలేదు. ముందు గుమ్మం కింద నుంచి సన్నగా వచ్చాయి. తర్వాత స్నానం చేసే బచ్చలింటి తూము లోంచి, మేం ఇంటి మనుషులమే అన్నట్టు వచ్చాయి. నేను పెట్టెనూ పుస్తకాలనూ మంచం మీదికి చేర్చి, నేనూ ఎక్కి కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. ఇంటి ముసలావిడ తలుపు తీసి మాకు రెండు జతల రబ్బరు బూట్లు ఇచ్చి, పాలు పోసినంత మామూలుగా వెళ్లిపోయింది. మా ఆవిడ బూట్లు వేసుకోలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వట్టి కాళ్లతో నీళ్లలో నిలబడి ఇంటికి ఫోన్ చేసింది.

"నాయనా! నీళ్లు పడినాయి!"

 అవతల మామ గొంతు, మెల్లగా, బోరు దగ్గర నీళ్లు కొలిచేటప్పుడు అడిగినట్టే. "ఎన్నించులు?"

"మోకాటి దాకా!"

"చీలమండ దాకానే" అన్నాను మంచం మీంచి. ఆమె నా వైపు చూసిన చూపుకు ఇంకొకరైతే బూట్లు వేసుకుని బయటికి పోయేవాళ్లు.

"ఉప్పువా, తీపివా?"

ఆమె వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. నేను ఛీ అన్నాను. "ఉప్పు నాయనా."

"టెంకాయ ఉప్పు సంగతి చెప్పదు పాపా. నీళ్లుండేదే చెప్తాది" అన్నాడు. ఆ తర్వాత ఫోన్‌లో ఒక శబ్దం వినిపించింది. దగ్గాడేమో అనుకున్నాను. నవ్వాడని ఆవిడ చెప్పింది.

మేం తిరిగొచ్చి పల్లెకు వెళ్లేసరికి ఒక రైతు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. మామ మళ్లీ టీ అంగడికి పోయి చెప్పిన సంగతి అంగడి దాటి పక్క ఊళ్లకు పోయింది. "ఇటలీలోనే నీళ్లు పట్టిస్తివే అన్నా, నా చేన్లో పట్టించలేవా?" అని బతిమాలుతున్నాడు. నన్ను చూసి, "నువ్వు సదువుకున్నోడివి, అబద్దం చెప్పవు. నిజంగా పడినాయా?" అన్నాడు. మామ నా మొహం వైపు చూస్తున్నాడు. మా ఆవిడా చూస్తోంది. "మోకాటి దాకా" అన్నాను.

మామ తల ఊపి, రైతు వైపు తిరిగాడు. "సూడప్పా, ఆడ సముద్రముండాది. చిన్నపిల్లోడు టెంకాయ పట్టుకున్యా లేస్తాది. నీ చేన్లో రాయి తప్ప ఏమీ లేదు. వాన చూసుకుని సెనిక్కాయ ఏసుకో. బోరేసి మునగొద్దు."

"మరి అంగడి కాడ అంత సెప్తివే!"

"చెప్పుకునేదానికి ఒకటన్నా ఉండల్ల కదప్పా."

ఆ తర్వాత కూడా ఆయన రోజూ టీ అంగడికి పోయాడు. పాయింటు మాత్రం ఇంకెవరికీ పెట్టలేదు.

మా ఆవిడ పోయాక ఆ ఇంటికి నా రాకపోకలు తగ్గుతాయనుకున్నాను. తగ్గలేదు. మామకు ఇప్పుడు చూపు ఆనదు. నేను వెళ్లి కూర్చోగానే, "అల్లుడూ, ఆ పొద్దు పాప ఫోన్ పెట్టేసినాక ఏం చేసెనప్పా?" అని అడుగుతాడు. చెబుతాను. ఉన్నదానికి రంగులు పూయడం నాకు గిట్టదు. రాతలోనూ పూయను. కానీ నీళ్లు ఎంతదాకా అని ఆయన అడిగితే, పోయిన నెల నడుము దాకా అన్నాను. ఆయన కాదనలేదు. చీలమండ దగ్గర పట్టుబట్టిన ఆ మంచం మీది కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తొచ్చి నవ్వు వస్తుంది. పుస్తకాలు తడిస్తే ఆరుతాయి, కాళ్లు కిందికి దించి నువ్వూ ఆ నీళ్లలో నిలబడు, ఆమె అక్కడే ఉంది కదా అని చెప్పాలనిపిస్తుంది.