పిల్లల్ని తూచిన పాపం

న్యాయం మరీ ఎక్కువైతే ఎంత ముప్పు వస్తుందో చెబుతాను. ఆ న్యాయమూర్తిని నేనే కాబట్టి మొహమాటం లేకుండా నవ్వండి.

వీశెలు పోయి కిలోలు వచ్చిన కొత్త. కృష్ణగిరిలో ఒక చింతపండు మండీలో తూకం చూసేవాణ్ణి. బడిలో నేర్చింది తక్కువ, సొంతంగా కట్టిన లెక్కలు ఎక్కువ, వాటి మీద గర్వం ఇంకా ఎక్కువ. మా ఊరి ఎలిమెంటరీ స్కూలు వార్షికోత్సవం వచ్చింది. మిట్టవీధి పిల్లలకూ పల్లంవీధి పిల్లలకూ తాడు లాగే పోటీ. ముందటేడు “లావు పిల్లలంతా వాళ్ల పక్కే” అని తల్లులు కొంగులు బిగించారు.

“ఈసారీ కొట్లాట అయితే ఇంక ఆటలే లేవప్పా,” అన్నారు హెడ్మాస్టరు. పిల్లల మొహాలు వాడిపోయాయి.

“నాకు విడిచిపెట్టండి సార్. చింతగింజంత తేడా రానీను.”

మండీ తక్కెడ తెచ్చి బడి దూలానికి కట్టాను. పిల్లల్ని ఒక్కొక్కరినీ ఎక్కించాను. ఒకడు నవ్వితే ముల్లు ఊగేది.

“ఊపిరి బిగబట్టరా!”

“ఊపిరికి కూడా బరువు ఉంటాదా అన్నా?”

నాకేం తెలుసు? గద్దించి దించేశాను. చివరికి మిట్టవీధి జట్టు అర కిలో తగ్గింది. మూడో క్లాసు మునెప్ప చెడ్డీ జేబులో మండీ నుంచి తెచ్చిన అర కిలో తూకం రాయి వేశాను. న్యాయం నిండింది.

ఈల పడింది. పిల్లలు పళ్లు బిగించారు. తాడు మాత్రం కదలలేదు. “సమం! సమం!” అని నేనొక్కణ్ణే గంతులు వేశాను. గెలిచినవాళ్లకని పెట్టిన బొరుగుల ఉండలను ఈగలు గెలుచుకుంటున్నాయి. ముఖ్య అతిథి మెడలో దండ వాడిపోయింది.

“ఇది ఎప్పుడు ముగుస్తాదప్పా? నాకు బస్సుంది.”

“లెక్క ప్రకారం ముగియదు సార్,” అన్నాను గర్వంగా.

అప్పుడే మునెప్ప కేక: “అన్నా, చెడ్డీ!”

“తాడు వదలద్దురా!”

“వదలకుంటే మానం పోతాదన్నా! నీ రాయి కిందికి లాగతా ఉంది!”

ఒక చెయ్యి చెడ్డీ మీదికి పోయింది. అంతే! మూతి విప్పిన గోనెలోని చింతకాయల్లా మిట్టవీధి ముందుకు దొర్లింది. పల్లంవీధి వెనక్కి పడి అతిథిని కుర్చీతో సహా బోర్లించింది. జేబులోని రాయి మునెప్ప అవ్వ కాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది.

“బిడ్డ చెడ్డీలో రాయి పెట్టి ఓడగొట్టినారే!” అని అవ్వ అరిచింది.

“రాయి పెట్టుకొని దొంగాట ఆడింది మీరే!” అని పల్లంవీధి.

“ఈ రాయి యాడిది?” అని అవ్వ తిప్పి చూసింది. దాని మీద మండీ గుర్తు ఉంది. తన్నుకోబోయిన రెండు వీధులూ ఆగిపోయి, కలిసికట్టుగా నా వైపు తిరిగాయి. పిల్లుల తగవు తీర్చిన కోతికి రొట్టె అయినా దక్కింది. నాకు దక్కినవి ఇక్కడ రాయలేను.

మునెప్ప రెండు చేతులా చెడ్డీ పట్టుకొని, ఏడుపు గొంతుతో హెడ్మాస్టరును అడిగాడు: “ఇంక ఆటలు లేవా సార్?”

“ఆటలు ఉంటాయిరా,” అన్నారాయన నన్నే చూస్తూ. “ఈయప్ప ఉండడు, అంతే.”

కాబట్టి పాఠకులారా, మీ ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఊపిరి ఉన్నదేదీ ఈ జన్మలో ఇక తూచను. నాకు చింతపండు చాలు. అది ప్రశ్నలు అడగదు, చెడ్డీ తొడగదు. అన్నిటికన్నా మేలు, దానికి అవ్వ లేదు.