అమ్మ ఆపించిన కేబుల్

మా చిన్నప్పుడు... ఆదివారం సాయంత్రం దూరదర్శన్‌లో సినిమా మొదలయ్యే వేళకి అమ్మ పొయ్యి ఆర్పేసి, టీవీ ముందు పీట వేసుకుని కూర్చునేది. అనకాపల్లిలో బెల్లం మార్కెట్ వెనక వీధిలో మాది చివరి ఇల్లు. కేబుల్ వైరు అన్ని ఇళ్ళూ తిరిగి మా దాకా వచ్చేసరికి బొమ్మలో సగం చుక్కలే... హీరో ఎవరో, విలన్ ఎవరో గొంతుని బట్టి పోల్చుకోవాలి.

కేబుల్ నడిపే అప్పారావుకి ఎన్నిసార్లు చెప్పినా "మీ టీవీయే ముసిల్దైపోనాది" అనేవాడు. అమ్మకి ఒళ్ళు మండి కేబుల్ తీయించేసింది. నాన్న మేడ మీద పొడవాటి ఇనప గొట్టం నిలబెట్టి, యాంటెన్నా బిగించి, విశాఖపట్నం వైపు తిప్పాడు. ఇక చూడండి... కడిగిన అద్దంలా బొమ్మ! వార్తలు చదివే ఆవిడ జూకాల్లో రాళ్ళు కూడా కనిపించేవి.

ఆ బొమ్మే మా కొంప ముంచింది. ఓ సాయంత్రం అప్పారావు మా కిటికీలోంచి టీవీ చూశాడు. పక్క వీధికి నేరుగా బొమ్మ మోసుకెళ్ళే అతని మెయిన్ వైరు మా మేడ మీదుగానే పోతుంది. అంతే, నడివీధిలో నిలబడి అరిచాడు.

"ఏటమ్మా, కనెక్సన్ తీయించేసి సాటుగా నా వైరుకి తగిలించేసేరా? యాంటెన్నాకి ఇంత బొమ్మ వత్తాదేటి? దొంగతనం కాదేటిది?"

మేడెక్కి చూడమన్నాడు నాన్న. అతను ఎక్కలేదు. మర్నాడు కొళాయి దగ్గర అమ్మ బిందె పెట్టగానే ఆడవాళ్ళ మాటలు టక్కున ఆగిపోయాయి. పక్కింటి చెట్టు నుంచి కరివేపాకు రెబ్బ కావాలన్నా అడిగి తెంపే మనిషి మా అమ్మ... ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ సాయంత్రమే అతని కొట్టు ముందుకి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను.

"అప్పారావూ, ఆదివారం సినిమా మంచి పట్టు మీదున్నప్పుడు నీ కేబుల్ మిసన్ ఆపీ. నా టీవీ కూడా ఆగిపోతే నేను దొంగనే. ఆగకపోతే మా గుమ్మం కాడికొచ్చి, అందరూ ఇనీలాగ తప్పయిందని సెప్పాల."

కొట్టు ముందు పదిమంది ఉన్నారు. పౌరుషానికి పోయి సరేనన్నాడు.

ఆదివారం... క్లైమాక్స్ ఫైటు. ఒక్కసారిగా వీధిలో టీవీలన్నీ ఆగిపోయాయి. ఇళ్ళల్లోంచి తిట్లు, కేకలు. మా ఇంట్లో మాత్రం హీరో తన్నుతూనే ఉన్నాడు! అమ్మ లేచి సౌండు మొత్తం పెంచేసింది. దాంతో వీధి వీధంతా మా ఇంట్లోకి తోసుకొచ్చింది.

అప్పారావు పరిగెత్తుకొచ్చి మా టీవీ చూశాడు. అటు కొట్లో ఫోను ఆగకుండా మోగుతోంది, ఊరంతా తిట్టడానికే. వెనక్కి తిరగబోయాడు.

"మాట సెప్పి ఎల్లు" అంది అమ్మ.

"తప్పయిపోనాది అక్కా..." గొణిగాడు.

"నాకు ఇనపడ్లేదు."

"తప్పయిపోనాది అక్కా! నువ్వు దొంగవి కాదు!"

"నాకెందుకు, నాకు తెలుసు. కొళాయి కాడ నోరు మూసుకున్నోళ్ళు ఇక్కడే ఉన్నారు, ఆళ్ళకి సెప్పు."

ఫోను మోగుతూనే ఉంది. అతను ఒక్కొక్కరి వైపూ తిరిగి చెప్పాడు. అమ్మ ఏమాత్రం తొందరపెట్టలేదు. నాకైతే వేడి బెల్లం పాకం తిన్నంత హాయిగా ఉంది.

అంతటితో వదల్లేదు మా అమ్మ. కొన్నాళ్ళకే వీధిలో సగం ఇళ్ళ మీద యాంటెన్నాలు లేచాయి. నాన్నని దగ్గరుండి మేడలెక్కించింది ఆవిడే! "పోనీలే, పాపం అప్పారావు" అని ఎవరైనా అంటే, "నన్నన్నప్పుడు ఏమైపోనాది మీ పాపం?" అనేది.

అప్పారావు ఇప్పటికీ మార్కెట్లో ఎదురైతే నవ్వుతాడు. నేను నవ్వను. నాకింకా చల్లారలేదు మరి...

మొన్నీమధ్య మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన, నీళ్ళ మోటారు నేనే పాడుచేశానని రాశాడు. కాదని ఫోటోలతో సహా పెట్టాను. ఇద్దరు బొటనవేలు బొమ్మ పెట్టారు... అంతే. ఆయన నా గుమ్మం దాకా రాలేదు, రమ్మనేవాళ్ళూ లేరు. నిందలు వేసేవాళ్ళు అప్పటిలాగే ఉన్నారు... చుట్టూ నిలబడి తప్పు ఒప్పించే వీధే లేదు.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలా కసి తీర్చుకున్నారా? కింద రాయండి... క్షమించేసిన కథలు మాత్రం నాకొద్దు.