ఒక్కరోజు కాదు, మూడు రోజులు

పోయిన నెల కరీంనగర్‌లో దగ్గరి చుట్టాల గృహప్రవేశానికి వెళ్లాను. పిల్లలు నన్నొక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి విస్తరి ఇచ్చి, ఇక్కడినుంచి కదలొద్దని చెప్పి పోయారు. ఎనభై దాటిన మనిషిని పెళ్లిళ్లలోనూ పేరంటాల్లోనూ సామానుతో పాటు ఒక మూల భద్రంగా పెడతారు. ఆ మూలనుంచి మాటలు మాత్రం బాగా వినిపిస్తాయి. నా వెనక వరసలో ఒక పెద్దాయన పాత గ్రామఫోన్ రికార్డుల సంగతి ఎత్తాడు. వాటిని వెతికి కొని దాచుకోవడం ఆయనకు అలవాటట. ఒక గాయని పేరు చెప్పి, "గామె గొంతు ఇప్పటికీ నా ఇంట్ల ఉన్నది" అన్నాడు పక్కవాళ్లతో. "పాట బంద్ చేసి ఏండ్లయినంక మల్ల మూడు ఊర్లల్ల పాడుతనని ఒప్పుకున్నదట. పాడకముందే పానం పోయింది. ఆమెకు పాడబుద్ధే లేకుండెనట పాపం. మేనల్లుడే పేరు కోసం బలవంతం చేసిండట."

ఆ మేనల్లుడు నా భర్త. నా నోట్లో అప్పుడు బూరె ఉంది. దాన్ని మింగి, వెనక్కి తిరిగి, మాట కూడదీసుకునేలోపు వాళ్లు చక్కెర జబ్బు గోళీల్లోకి వెళ్లిపోయారు. మావారు పోయి చాలా ఏళ్లయింది. ఆయన ఉన్నన్నాళ్లూ ఈ మాటకు జవాబు చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. ఇక అడ్డు చెప్పేవాళ్లెవరూ లేరు గనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేనత్త అంటే మా మామగారి చెల్లెలు. మావారు పసితనంలోనే తల్లిని పోగొట్టుకుంటే ఎత్తుకుని పెంచింది ఆమే. నిజాం ఏలుబడిలోనే ఆమె పాటలు రికార్డులకెక్కాయి. పత్తి బండ్లు జమ్మికుంట మార్కెట్టుకు పోయే దారిలో ఏ చాయ్ హోటల్ ముందు గ్రామఫోన్ తిరుగుతున్నా ఆమె గొంతే వినిపించేదని, పాట అయిపోయేదాకా బండ్లు కదిలేవి కావని మా నాన్న చెప్పేవారు. అందులో కొంత ఆయన కలిపి ఉంటారు, కానీ ఎడ్లకు కూడా ఆ పాటలు తెలుసని ఆయన గట్టి నమ్మకం. అన్నిటికన్నా పేరొచ్చిన పాట మబ్బు పాట. "పోతున్న మబ్బా, జర ఆగవే" అని మొదలవుతుంది. దాన్ని రికార్డు చెయ్యడానికి మద్రాసు వెళ్తే, అక్కడి వాద్యకారుడు "జర" తెలుగు మాట కాదు, "కాస్త" అని మార్చమన్నాడట. అప్పుడామెకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. తంబూరా గోడకు ఆనించి, "మా ఊరి మబ్బుకు కాస్త అంటే సమజ్ కాదు. వాపసు బండి ఎన్ని గంటలకు?" అని అడిగిందట. పాట "జర"తోనే వచ్చింది. అలాంటి మనిషిని ఎవరో బలవంతం చేశారంటే, మావారిని అనుమానించడం సంగతి అటుంచి, ముందు ఆమె ఎవరో వాళ్లకు తెలియలేదన్నమాట.

నేను కాపురానికి వచ్చేనాటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడెనిమిదేళ్లు అయి ఉంటుంది. మావారు గోదావరి పక్కన బొగ్గుగని ఆఫీసులో గుమాస్తా. కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టరులో మేము ముగ్గురం. పొద్దున్నే నది మీదినుంచి పొగమంచు, గని వైపునుంచి బొగ్గు పొగ వచ్చి మా వాకిట్లో కలిసేవి. ఏది ఎక్కడ ముగిసి ఏది మొదలయిందో తెలిసేది కాదు. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి పావురం రంగుకు తిరిగేది. ఆ బూడిదరంగు వెలుతురులో మేనత్త గడప మీద కూర్చుని బియ్యం ఏరుతూ ఉండేది. పాట మాత్రం లేదు. పండగకు లేదు, జోలకు లేదు. అప్పటికి పన్నెండేళ్ల కిందట జమ్మికుంటలో పాడుతుండగా పై స్థాయిలో గొంతు పగిలిందట. జనంలో కొందరు నవ్వారు. ఎవరో ఈల వేశారు. ఆమె చేతులు జోడించి దిగిపోయింది. అంతే. ఇంట్లో గ్రామఫోన్ కూడా ఉంచలేదు. నేను కొత్తలో తెలియక ఓసారి మబ్బు పాట కూనిరాగం తీస్తే, "బిడ్డా, పొయ్యి మీద పాలు చూడు" అంది. పొయ్యి మీద పాలే లేవు.

ఒక వానాకాలం, గని కార్మికుల క్లబ్బుకు కొత్త హాలు కట్టారు. క్లబ్బు కార్యదర్శి కోస్తా వైపు మనిషి. గొడుగు ముడిచి, చెప్పులు వాకిట్లో విడిచి, చాలా మర్యాదగా అడిగాడు. "అమ్మగారూ, హాలు తెరిచేరోజు మీరు ఒక్క పాట పాడితే చాలు. ఒక్కరోజు. మీరు కాదంటే ఇంకెవరినీ పిలవం." మేనత్త బియ్యం ఏరుతూనే ఉంది. జవాబు చెప్పింది మావారు. "మా అత్త పాడదు సార్. ఆమెను పరేషాన్ చెయ్యకుండ్రి." కార్యదర్శి మళ్లీ చెప్పులు తొడుక్కున్నాడు. బలవంతం చేశాడని లోకం చెప్పే మనిషి ఆ రోజు చేసింది ఇది. మావారి భయం నాకు తెలుసు. జమ్మికుంటలో ఆ నవ్వు ఆయన కూడా విన్నారు. అప్పుడు హైస్కూల్లో చదువుతున్నారట.

మూడు రోజులు వాన తెరిపివ్వలేదు. నాలుగోనాడు తెల్లవారుతుండగా కుంపటి రాజేస్తుంటే స్నానాల గదిలోనుంచి ఏదో చప్పుడు వినిపించింది. మొదట తుమ్మెద దూరిందనుకున్నాను. కాసేపటికి అది మనిషి గొంతని తెలిసింది. పాట కాదు, ఒకే స్వరం. చీకట్లో గోడ పట్టుకుని నడిచే మనిషిలా ఒక్కో అడుగూ పైకి పోతోంది, ఎక్కడో ఆగి దిగుతోంది, మళ్లీ పోతోంది. నేను విసనకర్ర పక్కన పెట్టి అలాగే కూర్చుండిపోయాను. కుంపటి ఆరిపోయింది. మావారు ఆ రోజు చాయ్ లేకుండానే ఆఫీసుకు పోయారు.

ఆ పగలే ఆమె ఉతికిన చీర కట్టుకుని, నన్ను వెంట రమ్మని క్లబ్బుకు నడిచింది. కార్యదర్శి కుర్చీలోంచి లేచాడు. "ఒక్కరోజు కాదు, మూడు రోజులు పాడుత" అంది ఆమె, కూర్చోకుండానే. "ఒకరోజు గీడ. ఒకరోజు మంథనిల, గది నేను పుట్టిన ఊరు. ఇంకోరోజు జమ్మికుంటల." ఆయన సంతోషంతో తడబడి, జమ్మికుంట దూరం కదండీ, అన్నాడు. "గాడ పాడకుంటే నేను ఏడ పాడినా పాడినట్టు కాదు" అంది. తిరిగొస్తుంటే దారంతా బురద. ఆమె నా భుజం పట్టుకుని నడుస్తోంది. మొహం మాత్రం ఎక్కడికో పెళ్లికి పోతున్నట్టుంది.

తర్వాతి నెల రోజులు మా ఇల్లు నేలకు జానెడు ఎత్తులో ఉన్నట్టు గడిచింది. జమ్మికుంటలో గడియారాలు బాగుచేసుకునే ముసలాయన, ఒకప్పుడు ఆమె పక్కన తబలా వాయించినవాడు, కబురందగానే తబలాలు సంచిలో వేసుకుని దిగాడు. మేమంతా తబలా మామ అనేవాళ్లం. దగ్గర్లో తన తమ్ముడింట్లో ఉంటూ రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. గొంతు కోసమని ఇంట్లో తొక్కు, చింతపండు, చల్ల అన్నీ బంద్ అయ్యాయి. మావారు నోరు చప్పబడి గని క్యాంటీనులో చాటుగా తొక్కు తింటున్నారని వాసన పట్టి, మేనత్త ఆయన్ను పసిపిల్లాణ్ణి నిలదీసినట్టు నిలదీసింది. వాము ఆవిరి, మిరియాలు, పటికబెల్లం. ఇల్లంతా జలుబు చేసినవాళ్ల ఇంటిలా ఘుమఘుమలాడేది. తబలా మామ శ్రుతి తగ్గిద్దామని మొదటిరోజే అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. పదో రోజున తనే తగ్గించమంది. తగ్గించాక గొంతు తెరుచుకుంది. రికార్డుల్లోని ఆ సన్నని వెండి తీగ ఇప్పుడు లేదు. తడి మట్టిలాంటి ఒక మెత్తదనం, అడుగున కొంచెం గరుకు. పాట ఆపి ఆమె నవ్వింది. "గిది నా గొంతు కాదు బిడ్డా, నా గొంతుకు అవ్వ."

ఆ పాట మొదలైతే కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందె నిండినా తియ్యడం మరిచేవారు. మొదటి షిఫ్టు దిగి వచ్చినవాళ్లు మసి మొహాలతో మా ప్రహరీ పక్కన చేరేవారు. వాళ్లలో తెలుగు రానివాళ్లూ ఉండేవారు. సైరన్ మోగితే మేనత్త చెవి పెట్టి, "మన ఊర్ల గిదొక్కటే శ్రుతి తప్పనిది" అనేది.

ఇప్పుడు రెండు సంగతులు చెప్పాలి. మొదటిది. ఒక మధ్యాహ్నం చరణం మధ్యలో ఆమెకు ఊపిరి అందలేదు. తబలా మామ ఇంకా రాలేదు. మంచం మీద పడుకుని, పైకప్పు చూస్తూ, "నాతోని కాదు బిడ్డా. పాడ. బంద్ చెయ్యమని చెప్పు" అంది. నాకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. చెప్పులు వేసుకుని గేటుదాకా పోయాను. వెనకనుంచి కేక. "యాడికి పోతున్నవే? చాయ్ పెట్టు. తబలాయన వచ్చే యాళ్లయింది." ఆమెకు పాడాలని లేదని ఎవరైనా అంటే, అది ఆ గేటుదాకా మాత్రమే నిజం. మంచానికీ గేటుకూ మధ్య ఎన్ని అడుగులున్నాయో అంతసేపు.

రెండోది. ఆ మర్నాడు నేనామెను గని ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు చాలాసేపు గుండె విన్నాడు. మంచి మనిషి. అమ్మా, మీ గుండె అలిసిపోయింది, పాట వద్దు, మెట్లు వద్దు అని నెమ్మదిగా చెప్పాడు. బయటికొచ్చాక ఆమె వేపచెట్టు కింద ఆగింది. "వానికి చెప్పకు" అంది. వాడంటే మావారు. నేను ఏడ్చాను. "చెప్పకుంటే రేపు ఏమన్నా అయితే ఆయన నన్ను ఏమంటడు అత్తమ్మా?" అన్నాను. ఆమె నా గడ్డం పట్టుకుంది. "పన్నెండేండ్లు మంచిగనే ఉన్న. తిన్న, పన్న, బియ్యం ఏరిన. గట్ల ఇంకో పన్నెండేండ్లు ఉండుమంటవా?" నాకప్పుడు ఇరవై రెండేళ్లు. చెప్పనని మాటిచ్చాను.

క్లబ్బు హాలు తెరవడానికి ఇంకా అయిదు రోజులుంది. గోడల మీద పోస్టర్లు అంటించారు, వానకు అంచులు లేచి ఆడుతున్నాయి. ఆ మధ్యాహ్నం సాధన అయ్యాక ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ రోజు మబ్బు పాట పూర్తిగా పాడింది, ఎక్కడా ఆగలేదు. తబలా మామ "వాహ్" అన్నాడు. ఆయన వాహ్ అనడం నేను వినడం అదే మొదలు. ఆమె చల్లటి నీళ్లు అడిగింది. చల్లటివి గొంతుకు పడవని నేను గోరువెచ్చటివి తేవడానికి వెళ్లాను. తెచ్చేసరికి ఆమె కళ్లు మూసుకుని ఉంది. తబలా మామ నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

కబురు అన్ని ఊళ్లకూ అందలేదు. హాలు తెరిచేరోజు సాయంత్రం జనం లారీల్లోనూ బండ్లలోనూ వచ్చారు. మావారు వేదిక ఎక్కి సంగతి చెప్పారు. ఎవరూ లేవలేదు. తబలా మామ పోయి తన చోట కూర్చుని, ఆ పాట తాళం మొదటినుంచి చివరిదాకా వాయించాడు. గొంతు ఉండాల్సిన చోట అంతా ఖాళీగా వదిలి వాయించాడు. జనం ఆ ఖాళీని విన్నారు. మంథనికీ వాళ్లిద్దరూ పోయారు. జమ్మికుంటకూ పోయారు. అక్కడ ఎవరూ నవ్వలేదని మావారు వచ్చి చెప్పారు.

దినాలన్నీ అయ్యాక నేను ఆగలేక ఆయనకు డాక్టరు మాట చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డారు. "నాకు ఎరుకే" అన్నారు. "డాక్టర్ సాబ్ గా సాయంత్రమే ఆఫీసుకు వచ్చి చెప్పిండు. అత్తను అడిగితే, నాకు ఎరుకన్న సంగతి నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది. పిల్ల భయపడతది అన్నది." రెండు గదుల ఇంట్లో మేమిద్దరం ఒకే సంగతిని ఒకరికొకరు తెలియకుండా దాచుకుని, నెలంతా ఒకే కంచంలోంచి తిన్నంత దగ్గరగా తిరిగామన్నమాట. మేము నవ్వామో ఏడ్చామో ఇప్పుడు సరిగ్గా చెప్పలేను. రెండూ అనుకుంటాను.

మేనల్లుడే బలవంతం చేశాడన్న మాట అప్పటికే ఊళ్లో మొదలైంది. నిజం చెప్పమని నేను పోరాను. ఆయన ఒప్పుకోలేదు. "పానం మీదికొస్తదని తెలిసి పాడబోయిందంటే, అత్తకు పిచ్చి అంటరు. ఆమెను గట్ల అనే బదులు నన్ను అననీ. నాకేమైతది?" అన్నారు. తర్వాత నలభై ఏళ్లకు పైగా ఆయన దాన్ని పాత కోటులాగా వేసుకుని తిరిగారు. బరువుగా ఉందని ఒక్కసారీ అనలేదు.

ఆమెకు పిచ్చి అని ఇప్పుడెవరూ అనరు. అన్నా వినే వయసు నాకు లేదు. పోయేనాటికి మేనత్తకు యాభై రెండేళ్లు. ఈ మధ్య ఒక్కోసారి తెల్లవారుజామున ఆమె కలలోకి వస్తుంది, అదే తెల్లచీరతో, అదే తడబడే ఊపిరితో, పాడనా వద్దా అని అడుగుతుంది. ఆ మొహంలోకి చూస్తే ఒక్క ముడత కూడా కనిపించదు. నేను ఆమె చీర కుచ్చిళ్లు సర్ది, పాడు బిడ్డా అంటాను. ఒకప్పుడు నన్ను బిడ్డా అని పిలిచిన మనిషికి నన్ను పెద్దదాన్ని చేసి, కాలం మా ఇద్దరి వరసలూ మార్చేసింది.