భుజానికి తగిలించుకునే మిషన్

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మా మేనత్త మొగుడు గేటు తీశాడు. పై కీలు ఊడి, గేటు నిదానంగా వచ్చి ఆయన భుజం మీద వాలింది, చాలాకాలానికి కనబడిన చుట్టంలా. ఒక చేత్తో టిఫిన్ డబ్బా, రెండో చేత్తో గేటు పట్టుకుని, మావయ్య లోపలికి వినబడేలా అన్నాడు: "ఏమేవ్, మీ తమ్ముడి గేటు నన్ను వదలనంటోంది. తీరికైతే ఓసారి రా."

ఆ తమ్ముడు మా చుక్కల బాబాయి. మీసం రాకముందు నుంచీ వెల్డింగు పనే. నిప్పురవ్వలు పడి చిల్లులు పడని చొక్కా ఆయనకు ఒక్కటీ లేదు, పెళ్లి చొక్కాతో సహా. అందుకే ఆ పేరు.

కబురందగానే వచ్చాడు. "నేనే కాస్త గట్టిగా లాగానేమోలే బావమరిదీ," అని మావయ్య సర్దబోయాడు. తిట్టినా బాగుండేది. బాబాయి ఊడిన కీలు చేతిలోకి తీసుకుని చూశాడు. చిటికెనవేలంత మందం ఇనుప పలక. అతుకు పైకి చేపపొలుసుల్లా అందంగానే ఉంది. దాని కింద పలక మాత్రం తోమిన గిన్నెలా మెరుస్తోంది. కరిగిన ఇనుము పైన కూర్చుందే తప్ప లోపలికి దిగలేదు. బాబాయి నల్లద్దం ముసుగు ముఖం మీదికి దించుకున్నాడు. వెల్డింగేమీ జరగడం లేదు. ఊరికే దించుకున్నాడు.

ఆ గేటు అతికిన కొత్త వెల్డింగు మిషన్ కొన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను కాబట్టి సంగతి నాకు తెలుసు. పాత మిషన్ బోషాణమంత. కుడిభుజం పట్టేసి బాబాయి దాన్ని ఎత్తలేకపోతున్నాడు. ఆ మాట ఎవరికీ చెప్పడు. కొట్లో భోజనం క్యారియరంత మిషన్, తగిలించుకోవడానికి పట్టీతో సహా కనబడేసరికి మనసు పారేసుకున్నాడు.

"ఎంత మందం అతకాలండీ?" అని కొట్టాయన అడిగాడు.

ఇంత అనుభవమున్న పనివాణ్ణి పట్టుకుని అదేం ప్రశ్న? "అన్నీ," అన్నాడు బాబాయి. రేకుముక్క మీద ఒక గీత లాగి చూసి, తగిలించుకుని వచ్చేశాడు.

మొన్న ఈ గేటు అతికేటప్పుడు ఆ మందానికి కరెంటు పెంచితే మిషన్ వేడెక్కి ఆగిపోయింది. ఆగినప్పుడల్లా మీట కాస్త తగ్గించాడు. లోపలికి దిగడం లేదని ఆయనకు తెలుసు. కానీ అత్తా మావయ్యా కుర్చీలేసుకుని చూస్తున్నారు మరి.

మర్నాడు ఊడిన కీలు సంచిలో వేసుకుని, నన్ను తోడు తీసుకుని కొట్టుకు బయల్దేరాడు. కొట్టు దాటిపోయాం. వెనక్కి వచ్చి మళ్లీ దాటిపోయాం.

"ఏం బాబాయ్, కొట్టు కనబడలేదా?"

"లోపల వాడున్నాడ్రా."

వాడంటే, బాబాయి దగ్గరే పని నేర్చుకుని వేరే షెడ్డు పెట్టుకున్న శిష్యుడు. వాడు వెళ్లేదాకా ఆగుదామనుకున్నాం. వాడే బయటికొచ్చి, "గురువుగారూ, ఎండలో నిలబడ్డారేం?" అని చెయ్యిపట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు.

బాబాయి కీలు తీసి బల్ల మీద పెట్టాడు. శిష్యుడు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవడండీ ఈ వెధవ పని చేసింది?"

బాబాయి గోడకు వేలాడుతున్న రంపాలను కాసేపు పరీక్షగా చూశాడు. "నేనే."

శిష్యుడు కీలు మెల్లగా బల్ల మీద పెట్టేసి చేతులు కట్టుకున్నాడు.

"భుజం పట్టేసిందండీ, పాతది మోయలేను," అన్నాడు బాబాయి కొట్టాయనతో, తల ఎత్తకుండా. "నేను మోయగలిగేదీ, ఈ పలకలోకి దిగేదీ ఏదో నాకు తెలియడం లేదు. మీరే చెప్పండి."

కొట్టాయన చిన్న సూట్‌కేసంత మిషన్ దించాడు. ఈసారి రేకుముక్క వద్దన్నాడు బాబాయి. కీలంత మందం పలకలే తీసుకుని, అంచులు ఏటవాలుగా అరగదీసి, కరిగిన ఇనుము వరస మీద వరస పోసి, చల్లారాక బల్లకు బిగించి సుత్తితో బాదాడు. పలక వంగింది. అతుకు ఊడలేదు. మిషన్ ఎడమభుజానికి ఎత్తమని శిష్యుణ్ణే అడిగాడు.

గేటు మళ్లీ నిలబడింది. అత్త కీలు దగ్గర వంగి చూసి మూతి విరిచింది.

"మొన్నటిది జడ అల్లినట్టు ఉండేది కదరా, ఇదేంటి ఇలా బొడిపెలు బొడిపెలుగా ఉంది? అసలు నువ్వే చేశావా?"

"నేనే అక్కా, కాకపోతే ఈసారి అడిగి చేశాను."