బూటు లేసుల భక్తి

ఆ రోజుల్లో ఎవరైనా "ఎలా ఉన్నావు?" అని అడిగితే నేను నిజంగానే నిలబడి చెప్పేదాన్ని. బడి ముఖం చూసిన పిల్లనైతే అది పలకరింపే గాని ప్రశ్న కాదని ఎవరో ఒకరు వెక్కిరించి నేర్పి ఉండేవారు. నేను బడి ముఖం చూడలేదు. నాన్న గనుల్లో ఇంజనీరు. పశ్చిమాన ఎర్రమట్టి ఎడారిలో ఒక చోట సామాను విప్పేలోగా ఇంకో చోటికి మార్చేవారు. అందుకని అమ్మే భోజనాల బల్ల ముందు కూర్చోబెట్టి నా చదువంతా చెప్పింది. లెక్కలు, ఇంగ్లీషు, తెలుగు పద్యాలు, పొద్దున్నే మంచం దిగేముందు కాలు మోపుతున్నందుకు భూదేవిని క్షమించమని అడగడం, అన్నీ ఒకే వరసలో నేర్పింది గనుక ఏది పాఠమో ఏది పూజో నాకు విడివిడిగా తెలియదు. అలా పెంచినందుకు అమ్మకు ఇవాళ్టికీ మనసులో దండం పెట్టుకుంటాను. (ఆ పెంపకం వల్ల పోయిన ఉద్యోగం గుర్తొచ్చినప్పుడు మాత్రం ఆ దండం కాస్త పొట్టిదవుతుంది.)

నేను మెల్‌బోర్న్‌లో, క్లేటన్ వైపున్న యూనివర్సిటీకి వచ్చే వేళకు నాన్న బదిలీలు చాలించుకుని, అరిగిపోయిన మోకాళ్ళతో అదే నగరానికి ఇంకో కొసన వెర్రిబీలో ఇల్లు కొనుక్కున్నారు. నేను భూగర్భశాస్త్రం చదివాను. రాళ్ళంటే నాకు ప్రేమ. నాన్నకు రాళ్ళంటే విసుగు. "గనిలో రాయి ఎవరి బిడ్డ అని చూడదమ్మా, నలిపేస్తుంది. రాజధాని శివారులో, గంగాలిన్‌లో నా ఫ్రెండు ఉన్నాడు, కంప్యూటర్ల పని ఇప్పిస్తానన్నాడు. ఏసీ గది. ట్రామెక్కితే ఆఫీసు. ఇంకేం కావాలి?" అన్నారు. "గనిలోకి కాదు నాన్నా, పార్కులోకి. చూడ్డానికి వచ్చినవాళ్ళకి రాళ్ళ కథ చెప్పడం" అన్నాను. "కథ చెప్తే జీతమిస్తారా?" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. చివరికి అమ్మ మధ్యవర్తిత్వం చేసింది. వేసవికని తీసుకున్న గైడుల్లో ఒకరిని పార్కువాళ్ళు ఏడాది పొడుగునా ఉంచుకుంటారట. ఆ ఒక్కరూ నేనైతే నాన్న గంగాలిన్ ఊసెత్తరు. కాకపోతే నేను నోరెత్తకుండా ట్రామెక్కుతాను. అదీ ఒప్పందం.

మెల్‌బోర్న్‌కు పడమరగా, గోధుమరంగు గడ్డిమైదానం మధ్య, భూమి ఉన్నట్టుండి విచ్చుకున్నట్టు ఒక లోయ. అదే ఆ పార్కు. ఎప్పుడో అగ్నిపర్వతం కక్కిన లావా చల్లారి, ఆరు పలకల నల్లరాతి స్తంభాలై వాగు గట్టున బారులు తీరి ఉండేది. మా అధికారిని నేను టోపీగారనేదాన్ని (ఇంట్లో మాత్రమే లెండి). ఆ వెడల్పాటి టోపీ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. నాతోపాటు చేరినవాడు ఎండకు వెలిసిన తేనెరంగు జుట్టున్న కుర్రాడు. తేనెజుట్టుకు రాళ్ళ గురించి పెద్దగా తెలియదు, తెలియదన్న బెంగా లేదు. "ఈ రాయి వయసెంత?" అని ఎవరైనా అడిగితే "మా నాన్నమ్మ కన్నా కాస్త పెద్దది, కానీ తను ఒప్పుకోదు" అనేవాడు. అందరూ పడి పడి నవ్వేవారు. నన్నడిగితే నేను ఆ వయసును ఎలా కొలుస్తారో, ఆ కొలతలో తప్పు ఎంతవరకు రావచ్చో కూడా చెప్పేదాన్ని. అందరూ నీళ్ళసీసాల మూతలు తీసుకునేవారు.

చూడ్డానికి వచ్చినవాళ్ళను వెంటబెట్టుకెళ్ళే ప్రతి నడకకూ ముందు ఆ నేల అసలు సొంతదారులైన తొలివాసులకూ వాళ్ళ పెద్దలకూ గౌరవం చెప్పే నాలుగు వాక్యాలు కార్డులో చూసి చదవాలి. ఆ వాక్యాలంటే నాకు ప్రాణం. అమ్మ నేర్పిన దేశం చివరికి దొరికిందనిపించేది. అవి చదివి, మెట్లు దిగి, లావా నేల మీద మొదటి అడుగు వేసేముందు వంగి, రాతిని తాకి, చేతులు కళ్ళకద్దుకున్నాను. తర్వాత బూడిదరాతి దగ్గర ఒకసారి, స్తంభాల దగ్గర ఒకసారి. మూడు చోట్లు, మూడు క్షమాపణలు. మొదటి రోజు సాయంత్రమే టోపీగారు పిలిచారు.

"ఏం లేదు లవ్, ఆ రాతికి నువ్వు చేసేది ఏమిటి?" (ఇక్కడ పెద్దవాళ్ళు ఎవరినైనా 'లవ్' అనో 'మేట్' అనో పిలుస్తారు లెండి.)

"క్షమించమంటున్నానండీ."

"ఎవరిని?"

"రాతిని. తొక్కుతున్నాం కదా."

ఆయన టోపీ అంచు కింద నుంచి నన్ను చూశారు. "రాయి ఏమీ అనుకోదు, మేట్."

"అనుకోదు గనుకనే అడగాలండీ. అనుకునేదైతే అదే చెప్పేది కదా."

"చూడు, ఇది సైన్సు నడక. ఇందులో మతం వద్దు. ఎవరైనా కంప్లైంట్ పెడితే నా తల తింటారు."

"మరి పొద్దున పెద్దలకు గౌరవం చెప్పాం కదండీ, ఇదీ..."

"అది వేరు. అది కార్డులో ఉంది."

ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. "మానేయమంటే మానేయవే. దేవుడేమన్నా కర్ర పట్టుకు కూర్చున్నాడా?" అంది, పప్పులో పోపు వేస్తూ. గిన్నె మీద మూత పెట్టి, "నువ్వు ఉండగలిగితే" అంది. మర్నాడు ఉండి చూద్దామనుకున్నాను. మెట్లు దిగాను, కాలెత్తాను. ఎత్తిన కాలు దిగలేదు. గాల్లోనే ఉండిపోయింది. వెనకాల ఒకావిడ సన్నగా "పామా?" అంది. అంతే, "పాము! పాము!" అని పిల్లాపాపలతో సహా మొత్తం బృందం మెట్లెక్కి కార్ల దాకా పోయింది. ఒక కాలి మీద నేనొక్కదాన్నే మిగిలాను.

ఆ కాలు దించలేక అవస్థపడుతున్నప్పుడే దేవుడు నాకొక ఉపాయం దయచేశాడు. బూటు లేసు. లేసు కట్టుకోవడానికి వంగితే ఎవరూ ఏమీ అనరు. వంగినప్పుడు చెయ్యి రాతికి తగిలితే అది ప్రమాదవశాత్తు. లేచాక కళ్ళు తుడుచుకుంటే అది చెమట. ఇంత సులువైన భక్తిమార్గం ఇంకొకటి ఉండదని పొంగిపోయాను. చిక్కల్లా ఏమిటంటే, నడకకు మూడుసార్లు లేసు ఊడే గైడును ఆ లోయ అంతకుముందు చూడలేదు. ఒక తాతగారు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, ఓడల్లో కట్టే ముడి నేర్పారు. చిన్న పిల్లొకతె "నేను నా లేసు నేనే కట్టుకుంటా, తెలుసా" అని కాలు చాపి చూపించింది. నడివేసవిలో వచ్చే ఇక్కడి క్రిస్మస్‌కు ఒకావిడ రంగు కాగితంలో చుట్టి కొత్త లేసులు తెచ్చి ఇచ్చింది. అందరికీ కృతజ్ఞతలు చెప్పుకున్నాను. అవి ఉత్తుత్తి కృతజ్ఞతలు కూడా కావు. వాళ్ళ మంచితనం నిజమే, ఊడిన లేసే అబద్ధం.

వేసవి చివర, మా ఇద్దరిలో ఎవరిని ఉంచాలో చూసుకోవడానికి సిటీ నుంచి పెద్ద అధికారులు వచ్చే రోజు రానే వచ్చింది. ఆ పొద్దున టోపీగారు నా చేతిలో ఒక అట్టపెట్టె పెట్టారు. "నీ లేసుల గోల వాళ్ళు చూస్తే సేఫ్టీ అంటారు. ఇవి వేసుకో." లోపల కొత్త బూట్లు. లేసులు లేవు. అతుక్కుని, లాగితే చర్రుమనే పట్టీలు. పాపం ఆయన నా ఉద్యోగం కాపాడాలనే తెచ్చారు. (ఈ మాట ఇప్పటికి వెయ్యిసార్లు నాకు నేను చెప్పుకున్నాను. వెయ్యోసారి కూడా కాస్త గట్టిగానే చెప్పుకోవలసి వచ్చింది.)

చెప్పాపెట్టకుండా అమ్మానాన్నా కూడా అదే నడకకు వచ్చారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళివారింటికి వచ్చినట్టు గంభీరంగా చివర నిలబడ్డారు. కార్డు చదివాను. మెట్లు దిగాను. కట్టుకోవడానికి లేసు లేదు. ఎదురుగా టోపీగారు తల చాలా కొద్దిగా, 'వద్దు' అన్నట్టు అడ్డంగా ఊపారు. ఒక్క అడుగు అలాగే వేసేస్తే, ఆపైన బతుకంతా ఈ రాళ్ళ మధ్యే. నాకది తెలుసు. తెలిసే వంగాను. చాటుమాటు లేకుండా రెండు చేతులతో తాకి కళ్ళకద్దుకున్నాను.

లేచి చూస్తే వెనకాల నాన్న వంగుతున్నారు. పక్కన అమ్మ. వాళ్ళను చూసి, ఇక్కడి నిబంధన కాబోలనుకుని ముందు ఒక కుటుంబం, తర్వాత మిగతావాళ్ళు, వాళ్ళతోపాటు సిటీ అధికారులు కూడా ఫైళ్ళు చంకలో పెట్టుకుని వంగారు. టోపీగారొక్కరే కర్రలా నిలబడ్డారు. అందరూ లేచారు, నాన్న తప్ప. మోకాలు పట్టేసింది. "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటూనే పక్కకు ఒరిగిపోయారు. తేనెజుట్టు పరుగెత్తుకొచ్చి చంకల కింద చేతులేసి, "పట్టుకున్నా, అంకుల్, పట్టుకున్నా" అన్నాడు. ఇంకోపక్క టోపీగారు పట్టుకున్నారు. ఆ తోపులాటలో మొదటిసారి ఆయన టోపీ పడిపోయింది. కింద ఉన్నది బట్టతల.

"నీకు తెలిసినంత మా ఎవరికీ తెలియదు. కానీ చూడు..." అన్నారు టోపీగారు ఆ సాయంత్రం.  ఉద్యోగం తేనెజుట్టుది. వాడు నాకన్నా ముందు ఏడ్చాడు. అందుకని వాణ్ణి నేనే ఓదార్చాల్సొచ్చింది.

కారులో ఇంటికి బయల్దేరాం. మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని నాన్నే అన్నారు, "గనిలోకి దిగేముందు నేనూ చేసేవాణ్ణే, రోజూ. హెల్మెట్ కింద పడేసుకుని, తీసుకుంటున్నట్టు వంగేవాణ్ణి."

నాకు గుండె ఒక్కసారి వెచ్చబడింది. ఇంకేదో అంటారని, ఒప్పందం పోనీలే అంటారని చూశాను. "గంగాలిన్‌లో చలెక్కువ. మంచి స్వెటర్లు కొనుక్కోవాలి" అన్నారు.

కొనుక్కున్నాను. ట్రామెక్కాను. ఆఫీసులో నేలంతా తివాచీ. దేనికి క్షమాపణ చెప్పాలో తెలియక మొదటి వారం దాని మీదా నెమ్మదిగా నడిచాను. ఆ ఉద్యోగమే అన్నం పెట్టింది, పెళ్ళాడేందుకు మంచివాణ్ణి చూపించింది, కూతుర్నిచ్చింది. దేవుడికి రుణపడి ఉన్నాను. రాళ్ళు మాత్రం నేనడగలేదు, ఆయనా ఇవ్వలేదు.

నాన్న పోయిన తర్వాత వచ్చిన వేసవిలో కూతుర్ని తీసుకుని ఆ లోయకు వెళ్ళాను. గైడు కొత్తమ్మాయి. కార్డు చదివింది, మెట్లు దిగింది, ఆగింది. "ఇప్పుడందరూ వంగి రాతిని తాకి, ఆ చెయ్యి కళ్ళకు ఆనించుకోండి. ఇది ఇక్కడి పాత అలవాటు" అంది. నా కూతురు నా చెయ్యి లాగి, "అమ్మా, దట్స్ యువర్ థింగ్!" అంది. ఎవరో ఇది తొలివాసుల ఆచారమా అని అడిగారు. "కాదు, వాళ్ళనడిగాం, తమది కాదన్నారు. ఇది మా పార్కుదే. మా బాస్ మొదలుపెట్టాడు. ఎప్పుడో ఒక పెద్దాయన ఇక్కడ మోకాళ్ళ మీద పడిపోయాడట, ఆయన గుర్తుగా." ఆ బాస్ ఎవరో అడగనక్కర్లేదు. పార్కు ఆఫీసు గోడ మీద ఫొటోలో తేనెజుట్టు కాస్త పల్చబడింది, పక్కన వెడల్పాటి టోపీలో మా టోపీగారున్నారు.

నేను చెప్పలేదు. ఏమని చెప్తాను? వంగి, రెండు చేతులతో తాకాను. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా దగ్గరికొచ్చి, "రెండు చేతులు కాదండీ, కుడిచెయ్యి ఒక్కటే. పర్లేదు, కొత్తవాళ్ళందరూ అలాగే చేస్తారు" అంది. థాంక్యూ అని, కుడిచేత్తో మళ్ళీ చేశాను. నాన్నకు ఒకసారి, రాతికి ఒకసారి అయిందనుకున్నాను.

లేవబోతుంటే, "మేడమ్, మీ లేసు ఊడింది, చూసుకోండి" అంది. చూస్తే నిజంగానే ఊడింది. అక్కడే కూర్చుని, తాతగారు నేర్పిన ఓడ ముడి గుర్తు చేసుకుని, నవ్వుకుంటూ కట్టుకున్నాను. ఆ రాతి మీద నేను నిజంగా లేసు కట్టుకున్నది అదొక్కసారే.