దశరథ ఎత్తని బస్తా

మిర్యాలగూడలో పుట్టి, రైసుమిల్లు నీడలో పెరిగి, అరవై దాటినా ఒక్క బస్తా ఎత్తని మగవాడు ఎవరైనా ఉన్నాడంటే అది దశరథే. ఎత్తలేక కాదు, ఎత్తే అవసరం రాలేదు. మిల్లు తాతల నాటిది. బస్తాలెత్తడానికి సైదయ్య, అతని హమాలీలు ఉన్నారు. దశరథ ఎత్తేదల్లా గుప్పెడు వడ్లు. వడ్ల ట్రాక్టర్ గేటు ముందు ఆగగానే గుప్పెడు తీసి, అరచేతిలో నలిపి, ఉఫ్‌మని ఊదేవాడు. పొట్టు ఎగిరిపోయాక మిగిలిన గింజల్లో ఒకదాన్ని పంటికింద కొరికి, తేమ ఎంతుందో చెప్పేవాడు. ఒకసారి అతని ఊదుడుకి మాడుగులపల్లి రైతు తలపాగా ఎగిరి సాగర్ కాలువలో పడిందనీ, అది కొట్టుకుపోయి ఎక్కడో పొలంలో దిష్టిబొమ్మ నెత్తికెక్కిందనీ ఊళ్లో చెప్పుకుంటారు.

తలపాగా సంగతి ఎలా ఉన్నా, ఆ ఊదుడు వెంట వచ్చే దగ్గు మాత్రం నిజం. ఏళ్ల తరబడి పీల్చిన ఊక దుమ్ము ఛాతీలో కాపురం పెట్టింది. పొద్దున్నే దశరథ దగ్గితే పక్క వీధివాళ్లు లేచి టీకి నీళ్లు పెట్టుకునేవాళ్లు. అది జబ్బని ఎవరికీ తోచలేదు. మిల్లు సైరన్ లాగా అదీ ఊరి చప్పుళ్లలో ఒకటి.

నిరుడు అతని పెద్దపేగులో కణితి తేలింది. సూర్యాపేట దవాఖానలో డాక్టర్ వందన పొట్టకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో లోపల చూస్తూ, పేగు ముక్కను కోసి, బొడ్డు దగ్గర మూడు వేళ్లంత కోతలోంచి బయటికి తీసింది. ఇంటికి పంపేటప్పుడు అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. దగ్గుకు వైద్యం చేయించాలి, ఒళ్లు పెరగనివ్వకూడదు, పప్పూ పెరుగూ ఆకుకూరలూ తినాలి, రోజూ నడవాలి, కొన్ని నెలలు పెద్ద బరువులు ఎత్తకూడదు, లేకపోతే కోత దగ్గర పేగు బయటికి పొడుచుకొచ్చి హెర్నియా వస్తుంది.

భార్య స్వరాజ్యలక్ష్మి విన్నది, కొడుకు అరవింద్ విన్నాడు, కోదాడ నుంచి వచ్చిన బావమరిది సత్యనారాయణ తలుపు దగ్గర నిలబడి విన్నాడు. కారు మిర్యాలగూడ చేరేసరికి అందరి చెవుల్లో ఒక్కటే మిగిలింది, ఎత్తకూడదు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఈ ఊళ్లో హెర్నియా అంటే హమాలీల రోగం. ప్రతి మిల్లులో ఒకడైనా ఆపరేషన్ మచ్చ చూపిస్తాడు. బస్తా ఎత్తేవాడికి వస్తుంది కాబట్టి, ఎత్తనివాడికి రాదు. అక్కడితో ఆలోచన ఆగింది.

ఇక కాపలా మొదలైంది. దశరథ మంచినీళ్ల చెంబు అందుకోబోతే ఇంకో చెయ్యి ముందే అందుకునేది. మనవరాలిని ఒళ్లో కూర్చోనివ్వలేదు. వీధి చివరిదాకా నడిచొస్తానంటే, దారిలో ఏమెత్తుతారో ఎవరు చూడొచ్చారని మంచం మీదే ఉంచారు.

ఇంతలో బొడ్డు దగ్గరి కోత చీము పట్టింది. స్వరాజ్యలక్ష్మి ఆరా తీస్తే, దవాఖానలో చివరి రోజు పప్పన్నం తిన్నాడని బయటపడింది. పప్పు తింటే చీము పడుతుందని ఆమెకు పుట్టింట్లోనే నేర్పారు. పప్పు బందైంది, పెరుగు బందైంది, కూరల్లో సగం బందయ్యాయి. మిగిలింది వెల్లుల్లి కారం, దాని మీద గరిటెలతో నెయ్యి, మధ్యాహ్నం పూట బలానికి కోదాడ అరిసెలు. ఆపరేషన్ తర్వాత పొట్టకు కట్టిన బెల్టు బిగుతైపోతే, మార్చి ఇంకా పెద్దది తెచ్చారు. మనిషి తేరుకుంటున్నాడని అందరూ సంతోషించారు. ఆ కారం మెతుకులకు పొద్దున్నే బాత్‌రూంలో అతను పడే యాతన మాత్రం తలుపు ఇవతలికి తెలియలేదు.

అప్పుడు సత్యనారాయణ గృహప్రవేశం వచ్చింది. కోదాడలో దశరథను పందిట్లో కుర్చీలో కూర్చోబెట్టి, పెళ్లికొడుక్కన్నా జాగ్రత్తగా చూసుకున్నారు. కానీ వంటవాళ్ల బియ్యం బస్తాలు ఎదురుగా ఉన్నాయి. అతని వేళ్లు ఊరుకోలేదు. లేచి వెళ్లి, బస్తా మూల కుట్టులోంచి నాలుగు గింజలు లాగి చూశాడు. పాత బియ్యమే, నూక కొంచెం ఎక్కువ. ఆ సంగతి ఎవరితో చెప్పాలా అనుకుంటుండగా పొయ్యి మీద ఎండుమిరప పోపు భగ్గుమంది.

దగ్గు వచ్చింది. మామూలు దగ్గు కాదు. దాని ధాటికి పందిరి గుంజలు కదిలాయనీ, పురోహితుడు మంత్రం మరిచి మళ్లీ మొదటికొచ్చాడనీ తర్వాత అన్నారు. దశరథ రెండు చేతులతో బస్తా పట్టుకుని వంగి నిలదొక్కుకున్నాడు. దగ్గు ఆగేసరికి బొడ్డు పక్కన నిమ్మకాయంత ఉబ్బు లేచింది. సరిగ్గా అప్పుడే సత్యనారాయణ భార్య మాధవి అటు వచ్చింది. వంగిన మనిషినీ, రెండు చేతుల మధ్య బస్తానూ చూసింది.

పడుకుంటే ఉబ్బు లోపలికి పోయింది కానీ, మాట లోపలికి పోలేదు. భోజనాల వేళకు దశరథ ఒక బస్తా ఎత్తాడు. తాంబూలాల వేళకు రెండు బస్తాలు పై అంతస్తుకు మోశాడు. సత్యనారాయణ పక్కన కూర్చుని, పోలీసులా కాక పెద్దమనిషిలా అడిగాడు.

"బావా, నిజం చెప్పు. మనలో మాట, బయటికి పోదు. ఏం ఎత్తావు?"

"మీ ఇంటి పరువు తప్ప ఏం ఎత్తలేదు. ఆ బియ్యంల సగం నూకనే."

ఆ మాటతో, తన పక్షాన సాక్షిగా నిలిచేట్టున్న సత్యనారాయణ కూడా ఎదురు తిరిగాడు.

మిర్యాలగూడకు వస్తే సైదయ్య గేటు దగ్గరే ఎదురొచ్చాడు. "సేటూ, మోసుడే ఉంటే మమ్ముల పిలువకపోయినవా? కోదాడ దాకైనా వస్తుంటిమి గదా."

అసలు దెబ్బ ఆ రాత్రి అన్నం దగ్గర తగిలింది. వానకాలం వడ్లు మొదలవబోతున్నాయి. గేటు దగ్గర అతను కూర్చునే కుర్చీ నిరుటి నుంచీ ఖాళీగా ఉంది. ఈసారి అక్కడ తను కూర్చుంటానన్నాడు అరవింద్.

"నీకు మనసు ఆగదు నాన్నా. గీడ ఎటు సూసినా బస్తాలే. ఈ సీజన్ ఇంట్లనే ఉండు."

"నేను ఎత్తలేదురా."

"ఎత్తకపోతే గది ఎట్లొచ్చింది మరి?"

 ఎత్తలేదని దశరథకు తెలుసు. ఎలా వచ్చిందో తెలియదు. ఆ జవాబు దొరికితేనే కుర్చీ. డాక్టరమ్మ నోటితో చెప్పిస్తానని పంతం పట్టాడు.

సూర్యాపేటకు అందరూ వెళ్లారు. సత్యనారాయణ కోదాడ నుంచి సరాసరి దిగాడు. దశరథ కూర్చోకముందే అడిగాడు, బస్తా ఎత్తితేనే ఇది వస్తదా అని. వందన అతన్ని పడుకోబెట్టి, పొట్ట మీద వేళ్లు పెట్టి, దగ్గమంది. దగ్గాడు. గోడకున్న క్యాలెండర్ ఊగింది.

"ఈ దగ్గుకు ఎవరికీ చూపించలేదా?"

"అది దగ్గు కాదమ్మా, ఆయన అలవాటు" అంది స్వరాజ్యలక్ష్మి.

డాక్టర్ అతన్ని బరువు చూసే మిషన్ ఎక్కించి, అంకె చూసి ఇంకోసారి ఎక్కించింది. ఏం తింటున్నారని అడిగితే స్వరాజ్యలక్ష్మి వెల్లుల్లి కారం నుంచి అరిసెల దాకా గర్వంగానే చెప్పింది. బాత్‌రూం సంగతి అడిగితే దశరథ సిగ్గుపడుతూ చెప్పాడు. చీము పట్టినప్పుడు ఎందుకు రాలేదంటే, పప్పు మాన్పించాం కదా అంది స్వరాజ్యలక్ష్మి. డాక్టర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పప్పు ఎవరు మానమన్నారు?"

స్వరాజ్యలక్ష్మి క్యాలెండర్ వైపు చూసింది.

గాయం మానడానికి పప్పూ పెరుగే ఆధారమనీ, చీము పట్టిన చోట కుట్టు వదులవుతుందనీ, దానికి తోడు పొట్ట మీద కొవ్వూ, మలబద్ధకంతో ముక్కుడూ చేరాయనీ, ప్రతి దగ్గూ లోపలి నుంచి ఆ కుట్టును తన్నుతుందనీ డాక్టర్ విసుగు దాచుకోకుండా చెప్పింది. బొడ్డు దగ్గరి కోతకు అసలే ఆ భయం ఎక్కువ.

"ఆయన ఏమీ ఎత్తక్కర్లేదు. మీరు చూసుకున్న తీరుకి, మంచం మీద పడుకున్నా వచ్చేదే."

దశరథ తల తిప్పి ఒక్కొక్కరినీ తీరిగ్గా చూశాడు. సత్యనారాయణ ఫోన్ చూసుకున్నాడు. అరవింద్ గొంతు సవరించుకున్నాడు. ఆ నిమిషం దశరథకు ఆపరేషన్ ముందు రోజుల బలం వచ్చింది. అంతలో డాక్టర్ మిల్లులో అతను చేసే పనేమిటని అడిగింది. అడిగిందే తడవు, ఖాళీ అరచెయ్యి ముందుకు చాపి, వడ్లున్నట్టే నలిపి, ఊది చూపించాడు. ఆ వెంటనే వచ్చిన దగ్గు చాలాసేపటికి గానీ ఆగలేదు.

"ఆ దుమ్ములోకి పోవద్దు" అంది డాక్టర్. దగ్గు లొంగాలి, ఒళ్లు తగ్గాలి, అప్పుడే మళ్లీ కుడతానని చెప్పింది. ఇప్పుడు కుడితే మళ్లీ ఊడుతుంది. ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడినా, నొప్పి, వాంతులు వచ్చినా ఆ క్షణమే రమ్మంది.

"అంటే మిల్లు?" అన్నాడు అరవింద్.

"గేటు బయటి వరకే."

కేసు గెలిచాడు, కుర్చీ పోయింది. తిరుగు దారిలో ఎవరైనా ఒక్క మాట అంటారేమో, పొరపాటైందంటారేమో అని దశరథ కిటికీలోంచి చూస్తూ కాచుక్కూర్చున్నాడు. చాలా దూరం వచ్చాక స్వరాజ్యలక్ష్మి నిట్టూర్చింది.

"అయినా ఆ బస్తా మీద చెయ్యెందుకు వేశారండీ?"

ఇప్పుడు ఇంట్లో మూడు పూటలా పప్పే. పొద్దున్నే దశరథ ముక్కుకి గుడ్డ కట్టుకుని గేటు దాకా నడిచి, బయటే ఆగుతాడు. సైదయ్య గుప్పెడు వడ్లు తెచ్చి నలిపి, సేటు బదులు తను ఊదుతాడు. పొట్టుతో పాటు గింజలూ ఎగిరి దశరథ చొక్కా మీద పడతాయి.

"మెల్లగురా. అవి వడ్లు, కట్టెల పొయ్యి గాదు."

"సేటూ, ఎత్తుమంటే ఎత్తుత. ఊదుడు నాతోని కాదు."

చొక్కా మీది గింజ ఒకటి ఏరి, గుడ్డ జరిపి, దశరథ పంటికింద పెడతాడు. తేమ ఎక్కువుంది, ఆరబోయించమని లోపలికి కేకేస్తాడు. తేమ మిషన్ పెట్టి చూసిన నాన్నా, నువ్వు పో అంటాడు కుర్చీలోంచి అరవింద్, తల ఎత్తకుండానే. దశరథకు గొంతులో దగ్గు కదులుతుంది. అరచెయ్యి బొడ్డు మీద అదిమిపట్టి దాన్ని మింగుతాడు. గింజ మాత్రం ఉమ్మేయడు. నములుకుంటూ ఇంటిదారి పడతాడు.